లోడు వేలాడుతుంటే

పరుశురాం చేసిన తప్పు ఈ లైన్ల ఉన్నోడు ఇంకెవ్వడూ చెయ్యడు. తాగొచ్చి లోడెత్తిన క్రేను ఆపరేటర్లున్నరు. ఫోన్ల ముచ్చట పెట్టుకుంట క్రేను పొడుగుచెయ్యి, బూమ్, తిప్పినోళ్లున్నరు. అయిదు టన్నుల మిషను హుక్కుకు వేలాడుతుంటే సీటు దిగిపోయి కారు డోరు తెరిచినోడు మాత్రం హైదరాబాద్ మొత్తం దేవులాడినా ఈ ఒక్కడే దొరుకుతడు.

సోమవారం పొద్దున పదిన్నరకు అయ్యింది ఆ పని. యూనివర్సిటీల కొత్తగ కట్టిన ల్యాబు బిల్డింగు మీదికి మూడు ఏసీ మిషన్లు ఎక్కియ్యాలె. ఇండ్లల్ల గోడకు పెట్టేటివి కావు, ఒక్కొక్కటి చిన్నపాటి అర్రంత ఉంటది. రోజుకొకటి ట్రెయిలర్ మీద వస్తది, దాన్ని క్రేనుతోని లేపి నాలుగో అంతస్తు పైన దించాలె. పరుశురాం సొంతంగ సీట్ల కూసున్న మొదటి పని ఇదే. అంతకుముందు పద్నాలుగేండ్లు ఒక సార్ కాడ కారు తోలిండు, దాని తర్వాత క్రేను నేర్చుకున్నడు. క్రేను ఓనర్ భానుప్రకాశ్ ముందే సాఫ్ సీదా చెప్పిండు.

"మూడు మిషన్లు మంచిగ ఎక్కిచ్చినవనుకో, ఆపరేటర్ సీటు నీది. ఏమన్న తేడా వచ్చిందా, మళ్ల స్టీరింగే పట్టుకోవాలె. మల్లమల్ల అడగకు."

లోడు కట్టే ఖలాసీలు మిషనుకు నాలుగు దిక్కుల బెల్టులేసి హుక్కుకు తగిలిచ్చిన్రు. వాళ్ల మేస్త్రి లక్ష్మీనర్సయ్య ఎదురుంగ నిలబడ్డడు. కింద నుంచి చేత్తోని సైగ చేసేది ఆయనే. అరవైకి దగ్గరున్నడు, మాట తక్కువ. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తాలె, పిడికిలి బిగిస్తే ఆపాలె. క్రేను మీద కూసున్నోనికి లోకంల ఇంకేదీ కనవడొద్దు, ఆ చెయ్యి తప్ప.

వేలు తిరిగింది. పరుశురాం లివరు మెల్లగ గుంజిండు. మిషను ట్రెయిలర్ మీదికెళ్లి జానెడు లేచింది. పిడికిలి బిగిసింది. ఆపిండు. ఏ లోడైనా మొదలు గట్ల జానెడు లేపి కొంచెంసేపు పట్టి చూస్తరు. బెల్టులు సర్దుకున్నయా, క్రేనుకు నాలుగు మూలల నేలకు దిగి నిలబెట్టే జాకీలు ఏమన్న కుంగుతున్నయా అని. ఇద్దరు ఖలాసీలు మిషను రెండు పక్కల తాడు పట్టుకొని నిలబడ్డరు. అంతా మంచిగనే ఉన్నది.

అప్పుడు ఎనకనించి ఒక తెల్ల కారొచ్చి ఆగింది. "పరుశురాం" అని ఎవరో పిలిచిన్రు.

సూర్యనారాయణ సార్ గొంతు. పద్నాలుగేండ్లు పొద్దుమాపు విన్న గొంతు. తలకాయ ఇది తప్పని చెప్పేలోపు కాళ్లు మెట్లు దిగినయి. పోయిండు, ఎనక డోరు తెరిచిండు, సార్ నెత్తికి పైరేకు తగలకుంట చెయ్యి అడ్డం పెట్టి పక్కకు జరిగి నిలబడ్డడు. మర్యాదగ, ఎప్పటి లెక్కనే.

"సీట్ల ఎవడున్నడు?" లక్ష్మీనర్సయ్య అరుపు బిల్డింగుకు తాకి మళ్లొచ్చింది.

సీట్ల ఎవ్వడూ లేడు. మిషను జానెడెత్తున వేలాడుతనే ఉన్నది. తాడు పట్టుకున్న ఖలాసీలిద్దరు ఖాళీ క్యాబిను దిక్కు, కారు పక్కన చేతులు కట్టుకున్న పరుశురాం దిక్కు మార్చి మార్చి చూస్తున్నరు. పరుశురాం క్రేను దిక్కు ఉరికిండు. కానీ అప్పటికే ఆయనకు పని నేర్పిన పాత ఆపరేటర్ భూపాల్ ఎక్కి కూసొని మిషనును ట్రెయిలర్ మీదికి దించుతున్నడు.

"మావోళ్లు లోడు పక్కన నిలబడ్డరు గాడ," లక్ష్మీనర్సయ్య ఈసారి అరవలే, దగ్గరికొచ్చి మెల్లగ అన్నడు. "నువ్వు డోరు తీసేటందుకు మావోళ్ల పానాలు గావాల్నారా?"

పరుశురాం ఏం చెప్తడు? ఎవ్వడో నూకినట్టు దిగిన అని చెప్తడా?

సూర్యనారాయణ సార్ రిటైరైన ఇంజనీరు. ఈ కాంట్రాక్టు కంపెనీకి సలహాదారు. పని మంచిగ అయ్యిందని ఆయన సంతకం పెడితేనే ఎవలకైనా బిల్లు పైసలొస్తయి. మనిషి చెడ్డోడు కాదు, అదే తంటా. చెడ్డోడైతే తిట్టుకొని ఊకుంటుండె.

"తప్పు నాదేలెండి, పిలిచాను," అన్నడు నవ్వుకుంట. "భానుప్రకాశ్ గారూ, మావాడు ఎంత మంచి డ్రైవరో మీకు తెలీదు. పద్నాలుగేళ్ళలో నా బండి మీద గీత పడనివ్వలేదు. అలాంటివాణ్ణి తెచ్చి ఈ ఇనప బండి మీద కూర్చోబెట్టారు. వీడెళ్ళాక నాకు నలుగురు మారారు, ఒక్కడూ బ్రేకు సరిగ్గా వెయ్యడు. ఇవాళ వచ్చినవాడు కూడా రేపు రానంటున్నాడు."

"మీరింత చెప్పాల్నా సార్. ఈ సైటు పనయ్యేదాంక మీకాడనే ఉంటడు," అన్నడు భానుప్రకాశ్. పరుశురాం దిక్కు చూడను గూడ చూడలే. వానకు పక్కింటోళ్లకు గొడుగు ఇచ్చినట్టు ఇచ్చేసిండు.

"అన్నా, మిషన్లు..."

"మిషన్లు భూపాల్ ఎక్కిస్తడు. లోడు ఇడిచిపెట్టి దిగినోనికి నేను మల్ల సీటిస్తే నన్ను ఏమంటరు చెప్పు. సార్‌ను మంచిగ చూసుకో, తర్వాత చూద్దాం."

తర్వాత అనేది రాదని పరుశురాంకు ఎరుకే.

వారాసిగూడల ఇంటికి పోయి చెప్తే పెండ్లాం శిరీష చేతిల ఉన్న చాయ్ గిలాస కింద పెట్టింది. వాడకట్టు మొత్తం చెప్పుకున్నది ఆమె, మా ఆయన ఆపరేటర్ అయ్యిండని.

"నిన్నడిగిన్రా?"

"అడగలే."

"అడగకుంట ఇంకొకలకు ఎట్లిస్తరు? నువ్వేమన్న కుర్చీవా, బల్లవా?"

"తప్పు నాదే గదనే."

"తప్పు చేస్తే తిట్టాలె. ఒక రోజు పక్కన కూసోవెట్టాలె. మల్ల డ్రైవర్ జేసుడేంది? నువ్వు నోరు తెరిచి వద్దు అననీకి ఏమొచ్చింది?" ఆమెకు మొఖమంత ఎర్రగయ్యింది. "నీకు కోపం రాదా అసలు?"

వస్తది. ఎందుకు రాదు. అయితే పద్నాలుగేండ్ల సంది ఆ కోపాన్ని మింగుడే నేర్చుకున్నడు గాని బైట పెట్టుడు నేర్చుకోలే. మంగళవారం పొద్దున శిరీష ఇస్త్రీ చేసి పెట్టిన ఆపరేటర్ నీలి అంగిని దండెం మీదనే ఇడిచిపెట్టి డ్రైవర్ తెల్లంగి తొడుక్కొని పోయిండు.

తార్నాకల సార్ ఫ్లాటు మూడో అంతస్తుల. సార్ భార్య పద్మావతమ్మ తలుపు తీసి పానం లేచొచ్చినట్టు మొఖం పెట్టింది. "వచ్చావా నాయనా. ఉండు, కాఫీ తెస్తాను. నీ గ్లాసు ఇంకా అక్కడే ఉంచాను తెలుసా, ఎవ్వరికీ ఇవ్వలేదు."

వంటింటి కిటికీ బయట, చీపురు పక్కన, అంచు నొక్కుకుపోయిన స్టీలు గిలాస బోర్లించి ఉన్నది. ఆమె ప్రేమతోనే దాచింది, అండ్ల అనుమానం లేదు. ఇంట్ల గాజుకప్పులు షెల్ఫు నిండ ఉన్నయి, ఆ ప్రేమకు అవి ఏనాడూ యాదికి రాలే. పరుశురాం కాఫీ వద్దన్నడు. కడుపుల బాగలేదమ్మా అన్నడు.

కారు సీటు నడుమల వచ్చిన డ్రైవర్లెవరో ముందుకు జరుపుకున్నరు, మోకాళ్లు స్టీరింగుకు తాకినయి. ఎనక్కి జరుపుకొని మెట్రో పిల్లర్ల కింది నుంచి యూ టర్న్ తీసుకొని క్యాంపస్ దిక్కు మళ్లిండు. సార్ ఎనక సీట్ల ఫోను చూసుకుంట మాట్లాడుతున్నడు.

"నీకెందుకయ్యా ఆ ఎండలో ఆ దుమ్ములో? ఇక్కడ ఏసీ ఉంది. గౌరవం ఉంది. డ్రైవరుగా నీకొక పేరుంది."

ఏం పేరు? పద్నాలుగేండ్లల్ల ఫోన్ చేసినప్పుడల్ల 'కారెక్కడుంది' అని అడిగిండు గాని 'నువ్వెక్కడున్నావ్' అని ఒక్కనాడు అడిగింది లేదు. ఈ మాట పండ్ల దాంక వచ్చింది. పండ్లు బిగబట్టుకొని గేరు మార్చిండు.

సైటు కాడ సార్‌ను దింపి కారు చెట్టు కింద పెట్టిండు. దూరం నుంచి చూస్తున్నడు. భూపాల్ రెండో మిషను ఎత్తుతున్నడు. లక్ష్మీనర్సయ్య వేలు తిప్పినప్పుడల్ల పరుశురాం కుడిచెయ్యి గేరు రాడు మీద అంతే మెల్లగ కదులుతున్నది. భూపాల్ బూమ్ తిప్పుడు మొదలుపెట్టంగనే లోడు కొద్దిగ ఊగింది. 'మెల్లగ, ఇంకా మెల్లగ' అనుకున్నడు కార్ల కూసొనే. మిషను పైకి పోయి దిగినంక చూసుకుంటే గేరు రాడు చెమటతోని తడిసింది. గంతే ఆనాటి పని. ఇంత బలమున్న మనిషిని తీసుకొచ్చి చెట్టు కింద కూసోవెట్టిన్రు, పనికిరాని సామాను పెట్టినట్టు.

బుధవారం మూడో మిషను. ఇది బిల్డింగు ఎనక భాగం మీద కూసోవాలె, ముంగట నుంచి బూమ్ అందదు. అందుకని క్రేను ఎనకకు తెచ్చి పెట్టిన్రు. పరుశురాం సార్‌ను తీసుకొని పన్నెండుకు వచ్చేసరికి భూపాల్ జాకీలు దించి, కింద చెక్కదిమ్మెలు పెట్టి తయారుగున్నడు. మిషనుకు బెల్టులు కూడ పడ్డయి.

సార్ భానుప్రకాశ్‌తోని మాట్లాడుతుంటే పరుశురాం కారు పక్కన నిలబడి క్రేనును చూసిండు. చూసుకుంట చూసుకుంట ఎడమదిక్కు ఎనక జాకీ కాడ కండ్లు ఆగిపోయినయి.

ఆ జాగ ఆయనకు ఎరుకే. డ్రైవర్లకు ఎరుక ఉన్నంత ఈ క్యాంపస్ ఏ ప్రొఫెసర్‌కు ఎరుకలేదు. సార్ మీటింగులల్ల ఉంటే గంటలు గంటలు ఏ చెట్టు కింద నీడ ఎటు జరుగుతదో చూసుకుంట కూసున్నోళ్లు వాళ్లు. ఆరేండ్ల కింద పెద్ద వానల తర్వాత గీన్నే నీళ్ల ట్యాంకరు ఎనక చక్రం బుసుక్కున దిగబడ్డది. కింద బండలు కప్పిన పాత నాలా, అంటే మురికినీళ్ల కాలువ, ఉన్నది, మనిషి నిలబడే అంత లోతు. తర్వాత పగిలిన బండల మీదనే మట్టి పోసిన్రు, మీద సిమెంటు ఇటుకలు పరిచిన్రు. ఇప్పుడు చూస్తే నున్నగ, సాపుగ ఉన్నది.

పరుశురాం సీదా భానుప్రకాశ్ కాడికి పోయిండు.

"అన్నా, ఆ జాకీ కింద నాలా ఉన్నది. లోడు పడితే దిగుతది. క్రేను పండుకుంటది."

భానుప్రకాశ్ సార్ దిక్కు చూసిండు. సార్ చేతిల ఉన్న డ్రాయింగు ఒకసారి విప్పి చూసిండు.

"ఇందులో ఏమీ లేదే."

"డ్రాయింగుల లేదు సార్, భూమిల ఉన్నది. ట్యాంకరు దిగబడితే తొమ్మిది మందిమి ఎత్తినం. మీరు ఎనక సీట్ల పేపరు చదువుకుంట ఉన్నరు ఆనాడు."

సార్ మొఖం మారింది. భూపాల్ క్యాబిను లోంచి తల బైట పెట్టి, "ఏంది, మల్ల సీటు గావాల్నట్నా?" అన్నడు. ఇద్దరు ముగ్గురు నవ్విన్రు.

"సీటు నువ్వే ఉంచుకో. జాకీ మాత్రం జరుపు."

"పరుశురాం," భానుప్రకాశ్ గొంతు తగ్గిచ్చిండు. "సోమారం పరువు తీసినవ్ చాలు. డ్రైవర్‌వి డ్రైవర్ లెక్క ఉండు. పో, కారు కాడ నిలబడు."

"తీయవయ్యా బండి, తార్నాక వెళ్ళిపోదాం. పద్మావతి బ్యాంకు పని అంది," సార్ కూడ అన్నడు, చిన్నపిల్లగానికి సర్దిచెప్పినట్టు.

ఖలాసీలు తాడు పట్టుకునేటందుకు మిషను పక్కలకు పోతున్నరు. సోమవారం నాడు పరుశురాం సీటు దిగినప్పుడు లోడు పక్కన నిలబడ్డ అదే ఇద్దరు. పరుశురాం కారు డోరు తీసిండు. సార్ కూసున్నడు. డోరు వేసి, వచ్చి స్టీరింగు ముందల కూసొని, బండి స్టార్ట్ చేసిండు.

గేటు దిక్కు తిప్పలే. ట్రెయిలర్‌కు బిల్డింగుకు నడుమ, మిషను లేసి పోయే తొవ్వల, బూమ్ కింద సరిగ్గ నడిమిట్ల తీసుకపోయి ఆపిండు. ఇంజను బందు చేసిండు. తాళంచెయ్యి తీసి జేబుల ఏసుకున్నడు.

"ఏంటిది?" అన్నడు సార్.

"ఆపిన సార్."

"అది కనిపిస్తోంది. తియ్యి."

"తియ్య."

ఆ ముక్క తన నోట్లెకెళ్లే వచ్చిందా అని పరుశురాంకే అనుమానమొచ్చింది. అద్దంల సార్ కండ్లు కనవడుతున్నయి. పద్నాలుగేండ్లల్ల ఆ అద్దంల ఎప్పుడూ సార్ ఫోను, పేపరు, నిద్ర కనవడ్డయి గాని కండ్లు ఇట్ల ఎదురుంగ కనవడలే.

భానుప్రకాశ్ ఉరికొచ్చి అద్దం మీద కొట్టిండు. "దిమాక్ ఖరాబైందార నీకు? తియ్ కారు."

పరుశురాం అద్దం కిందికి దించిండు. "నన్ను సార్‌కు ఇచ్చినవ్ గదన్నా. సార్ కార్ల సార్‌ను పెట్టుకొని కూసున్న. నా డ్యూటీ నేను చేస్తున్న. జాకీ జరిపినంక తీస్త. పోలీసోళ్లను పిలుస్తవో, గుంజి కొడుతవో నీ ఇష్టం. ఇయ్యాల్టి సంది నాకు నువ్వు స్టీరింగు గూడ ఇయ్యకు. నాకేం ఫరక్ లేదు. ఆ ఇద్దరు మాత్రం ఆ లోడు పక్కన నిలబడొద్దు."

ఇన్నేండ్లు మింగింది ఒక్కసారే బైటికొచ్చింది.

ఎవ్వరూ నవ్వలే ఈసారి. భూపాల్ ఇంజను సప్పుడు తగ్గిచ్చిండు. లక్ష్మీనర్సయ్య పోయి, టూల్ బాక్సుల నుంచి గడ్డపార తీసుకొని జాకీ కాడికి నడిచిండు. దిమ్మెకు జానెడవతల రెండు సిమెంటు ఇటుకలు పెకిలిచ్చిండు. గడ్డపార రెండు చేతుల పైకెత్తి పొడిచిండు. ఒక దెబ్బకు మట్టి. రెండో దెబ్బకు మట్టి. మూడో దెబ్బకు గడ్డపార చేతులల్లకెళ్లి జారి, మొత్తం లోపలికి పోయింది. కొంచెం సేపయినంక కిందనెక్కడో నీళ్లల్ల పడ్డ సప్పుడొచ్చింది.

భూపాల్ క్యాబిను దిగి వచ్చి ఆ బొంద దిక్కు చూసిండు. ఆయన పెదవులు తెల్లగయినయి. భానుప్రకాశ్ రెండు చేతులు నెత్తిన పెట్టుకున్నడు. సూర్యనారాయణ సార్ కారు దిగి, వచ్చి, వంగి చూసి, డ్రాయింగు మడతపెట్టి చంకల పెట్టుకున్నడు.

"చూశారా," అన్నడు భానుప్రకాశ్‌తోని, తేరుకున్నంక. "నేను చెప్పలా? ఇలాంటి డ్రైవరు దొరకడు. వదులుకోకూడదు."

లక్ష్మీనర్సయ్య చేతులకు అంటిన మట్టి దులుపుకున్నడు.

"డ్రైవర్ ముచ్చట మీరు మీరు చూసుకోన్రి," అన్నడు. "క్రేను జరిపినంక సీట్ల ఎవరు కూసుంటరో నేను చెప్త. లోడు కింద నిలబడేటోళ్లం మేము. పరుశురాం కూసుంటే చెయ్యి లేపుత. వేరేటోళ్లు కూసుంటే లేపుకోన్రి మీరే."

ఖలాసీలు ఇద్దరు తాళ్లు కింద ఇడిచిపెట్టి ఆయన ఎనక నిలబడ్డరు.

భానుప్రకాశ్‌కు వేరే తొవ్వ లేదు. సైగ చేసేటోడు లేకుంట సూది గూడ పైకి పోదు. ఒక్క నిమిషం నేల చూసిండు. "సరే. పరుశురాం, ఎక్కు." అని చిటికేసి అటు తిరిగిండు. "భూపాల్, నువ్వు సార్‌ను తార్నాకల దింపి రా. అమ్మగారికి బ్యాంకు పనుందట. రెండు మూడు రోజులు చూసుకో."

భూపాల్ మొఖం మాడ్చుకొని, గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుంట కారు దిక్కు ఒక అడుగేసిండు. తొమ్మిదేండ్ల సంది ఆపరేటర్. అడిగినోడు లేడు, చెప్పినోడు లేడు. అయ్యిపాయె, ఇచ్చేసిన్రు.

పరుశురాంకు సోమవారం తను ఎట్ల నిలబడ్డడో ఇప్పుడు కండ్లముంగట కనవడ్డది. పెయ్యంత మండింది.

"భూపాల్ పోడు," అన్నడు.

"అంటే?"

"ఆయన ఆపరేటర్. డ్రైవర్ కాదు. నాలా సంగతి ఆయనకెట్ల తెలుస్తది, ఆయన గీడ కార్ల కూసొని ఎండకు ఎండినోడా? నాకు పని నేర్పిందే ఆయన. నేను ఎత్తుతుంటే పైన నిలబడి మిషను దించిపిచ్చేది ఆయనే."

"మరి నన్నెవరు తీసుకెళ్తారయ్యా?" అన్నడు సార్. నిజంగనే తెలువక అడిగిండు. కోపం కూడ లేదు ఆ అడుగుట్ల.

పరుశురాం జేబుల నుంచి తాళంచెయ్యి తీసి కారు బానెట్ మీద పెట్టిండు.

"కారు మీదే సార్. లైసెన్సు మీ పర్సులనే ఉన్నది, ఎడమ అరల, ఆధార్ కార్డు ఎనక. రెండేండ్ల కింద రెన్యువల్ నేనే దగ్గరుండి చేపిచ్చిన."

సార్ పర్సు తీసి చూడలే. చూడనక్కర లేదు. అటు చూసిండు, ఇటు చూసిండు. ఎవ్వరూ ముందుకు రాలే. భానుప్రకాశ్ ఫోను చెవికి పెట్టుకొని పక్కకు పోయిండు. ఆఖరికి సార్ తాళంచెయ్యి తీసుకొని ముందు డోరు తానే తెరుచుకొని కూసున్నడు. కారు ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్ల స్టార్ట్ అయ్యింది.

కారు బూమ్ కిందనే ఉన్నది. అది అవతల పడితే గాని పని నడువదు. ఎనక ట్రెయిలరు, పక్కన గోడ. సార్ అద్దంల చూస్తున్నడు గాని బండి కదులుతలేదు. పరుశురాం పోయి కారు ఎనక నిలబడ్డడు.

"రానియ్యున్రి సార్," అన్నడు. "రానీ... రానీ... కుడికి కొట్టున్రి. ఇంకొంచెం. ఆపున్రి. ఇగ ముందుకు."

సార్ ఆయన చెప్పినట్టే తిప్పిండు. ఇరవై అడుగులు పోనీకి అయిదు నిమిషాలు పట్టింది. సైటు మొత్తం చేతులు కట్టుకొని ఆగింది. కారు ఫస్టు గేరుల మొత్తుకుంట గేటు దిక్కు పోయింది. రోడ్డు మలిగినంక గూడ ఆ మొత్తుకుంటున్న ఇంజను సప్పుడు వినవడ్డది. రెండో గేరు వెయ్యాలని ఎవరు చెప్తరు ఆయనకు.

పరుశురాంకు కోపం తగ్గలే. తగ్గాలని గూడ ఆయనకు లేదు. తెల్లంగి చేతులు మోచేతుల దాంక మడుచుకొని, భూపాల్‌తోని కలిసి దిమ్మెలు మోసి, నాలాకు పదిహేను అడుగులవతల గట్టినేల మీద జాకీలు దించిచ్చిండు. ఒక్కొక్క జాకీ కాడ లక్ష్మీనర్సయ్యతోని ఇంకో గడ్డపార వేయించి చూసిండు. అన్ని దిక్కుల ఠంగ్ మన్నది.

అప్పుడు మెట్లెక్కి సీట్ల కూసున్నడు.